మావయ్య తాడు

మా మావయ్య జీవితంలో ఒక్కసారే ఎన్నికల్లో నిలబడ్డాడు. 1987లో, విశాఖ కార్పొరేషన్‌కి, ఇండిపెండెంటుగా. గొడుగు గుర్తు వచ్చింది. ఊరేగింపులు లేవు, జీపులు లేవు. సైకిలు మీద తిరిగి, గుమ్మం దగ్గర నిలబడి, ఇంట్లోవాళ్ళు కూర్చోమంటే కూర్చుని, కాఫీ ఇస్తే తాగి, డ్రైనేజీ గురించీ సముద్రపొడ్డు గురించీ రెండు మాటలు చెప్పి వచ్చేసేవాడు. డిపాజిట్ గల్లంతయింది. ఫలితం తెలిసిన రాత్రి అత్తయ్య పెసరట్టు తిరగేస్తూ, "పోన్లెండి, గొడుగైనా మిగిలింది" అంది. మావయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ డిపాజిట్ అనే మాట నాకు మళ్ళీ ముప్పై అయిదేళ్ళ తరవాత, భూగోళానికి అవతలి వైపున తగిలింది.

2022లో మా అబ్బాయి దగ్గరకి, అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రానికి వెళ్ళాను. పోర్ట్‌లాండ్ పక్కన వాడి ఉద్యోగం. వెళ్ళిన వారానికి, శనివారం పొద్దున్న, ఖాళీ సీసాలూ డబ్బాలూ ఉన్న పెద్ద సంచీ కారులో పడేసి, "నాన్నా, వస్తావా, డిపాజిట్ తెచ్చుకుందాం" అన్నాడు. సూపర్‌మార్కెట్ గోడకి ఒక యంత్రం ఉంది. సీసా నోట్లో పెడితే మింగేస్తుంది, ఒక్కోదానికి పది సెంట్లు లెక్కేసి చీటీ ఇస్తుంది. మా వెనక ఒక ముసలాయన, ఆయన వెనక ఇద్దరు పిల్లలు, అందరూ సంచులు పట్టుకుని రేషన్ షాపు దగ్గర నిలబడినట్టు నిలబడ్డారు. చిన్నప్పుడు వాల్తేరులో గోళీ సోడా తాగి, బండివాడు చూస్తుండగానే సీసా తిరిగిచ్చేసేవాళ్ళం. పక్కకి పట్టుకెళ్ళాలంటే ముందే డబ్బులు కట్టమనేవాడు. అదే పద్ధతి. కాకపోతే వీళ్ళు దాన్ని చట్టం చేశారు.

ఎప్పటి చట్టం అని అడిగాను. "ఏమో నాన్నా, ఎప్పట్నుంచో ఉంది. ఎవరో మెకాల్ అని గవర్నరట" అన్నాడు మా వాడు, చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ.

అక్కడే ఆగిపోయాను. టామ్ మెకాల్! ఆ పేరు మా వాడికి తెలియకపోవచ్చు గాని నాకు ఏడేళ్ళ వయసు నుంచి తెలుసు. పెదవాల్తేరులో మా పెంకుటింటి అరుగు మీద, మా మావయ్య నోట విన్న పేరు అది.

మావయ్య అంటే అమ్మ తమ్ముడు. కాలేజీలో పొలిటికల్ సైన్సు చెప్పేవాడు. పెళ్ళయ్యేదాకా మా ఇంట్లోనే ఉండేవాడు. ఆయనకి ఆంధ్రా యూనివర్సిటీ రోజుల నుంచి ఒక స్నేహితుడు, సముద్రశాస్త్రం చదివినాయన. 1950లలో అమెరికా నుంచి లాఫాండ్ అనే శాస్త్రవేత్త వచ్చి మన యూనివర్సిటీలో కొన్నాళ్ళు ఉన్నాడు. మన తీరంలో ఇసక ఏ నెలలో ఎటు కదులుతుందో ఆయనా ఇక్కడి కుర్రాళ్ళూ కలిసి కొలిచారు. విశాఖ ఇసక ఒక చోట ఉండేది కాదు. ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. హార్బరు కట్టినప్పుడు రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుగోడ చేశారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. అప్పట్నుంచి గోడకి ఇవతల ఇసక ఆగిపోవడం, అవతల మన బీచి సన్నబడడం, మళ్ళీ తవ్విన ఇసకే తెచ్చి బీచిలో పోయడం. ఈ కథ ఇప్పటికీ నడుస్తోంది. సరే, ఆ స్నేహితుడు ఆ చదువు పట్టుకుని ఒరెగాన్‌లో కొర్వాలిస్ అనే ఊరి యూనివర్సిటీకి పోయాడు. అక్కణ్ణుంచి నీలం రంగు ఏరోగ్రాములు వచ్చేవి. అంచులు జాగ్రత్తగా కత్తిరించి, మావయ్య అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు. మాకు అదే సినిమా.

1967 వేసవిలో వచ్చిన ఉత్తరం నాకు ఇంకా గుర్తు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, ఆ రాష్ట్రం గవర్నరు, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, హెలికాప్టరులో వచ్చి సముద్రం ఒడ్డున దిగాడట. కూడా సర్వేయర్లు, యూనివర్సిటీ వాళ్ళు. ఇసకలో కొయ్యలు పాతించి, ఇదిగో ఈ ఎత్తు దాకా జనానిది అని గీత చూపించాడట, టీవీ కెమెరాల ముందు. మా ఊరికి కలెక్టరు గారు జీపులో వస్తేనే మేం వెనక పరుగెత్తేవాళ్ళం. హెలికాప్టరు దిగి ఇసక కొలిచే దొర అంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

విషయం ఏమిటంటే, ఆ ముందటి ఏడాది కేనన్ బీచ్ అనే ఊళ్ళో ఒక మోటెల్ యజమాని తన బిల్డింగు ముందున్న పొడి ఇసకని దుంగలు పెట్టి చుట్టేశాడు. మా మోటెల్లో దిగినవాళ్ళే ఇక్కడ కూర్చోవాలి అన్నాడు. కాయితాల ప్రకారం ఆయన మాట తప్పు కాదు. 1913లో ఆస్వాల్డ్ వెస్ట్ అనే గవర్నరు ఆ రాష్ట్రం బీచీలన్నిటినీ పబ్లిక్ రోడ్డుగా ప్రకటింపజేశాడు. తెలివైన పని, ఎందుకంటే రోడ్డుని ఎవడూ అమ్ముకోలేడు. కాని ఆ చట్టం తడి ఇసక వరకే. పోటు నీళ్ళు తాకే చోటు దాటితే పొడి ఇసక ఎవరిదో ఎవరూ రాయలేదు. జనం వందేళ్ళుగా అక్కడ నడుస్తున్నారు, కూర్చుంటున్నారు, పిల్లల్ని ఆడిస్తున్నారు. ఎవరూ ఆపలేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

దాని మీద బిల్లు పెడితే శాసనసభ కమిటీలో ఇరుక్కుపోయింది. మెకాల్ పార్టీ రిపబ్లికన్, ఆస్తిహక్కు అంటే ప్రాణం పెట్టే పార్టీ. అడ్డం పడుతున్నవాళ్ళలో ఆయనవాళ్ళే ఎక్కువ. ఆయన వాళ్ళని తిట్టలేదు, పార్టీ మారలేదు. హెలికాప్టరు ఎక్కి వెళ్ళి గీత గీశాడు. పదహారు అడుగుల ఎత్తు, అంటే ఇంచుమించు మొక్కలు మొలిచే చోటు. జూలైలో బిల్లు మీద సంతకం పెట్టాడు.

మా మావయ్యకి కాలేజీలో ఒక మారుపేరు ఉండేది, మితవాది మేస్టారు. బి.ఏ. పిల్లలకి కాంగ్రెస్ చరిత్రలో మితవాదులు, అతివాదులు పాఠం చెప్పేటప్పుడు అందరూ తిలక్ దగ్గర గొంతు పెంచితే, ఈయన గోఖలే దగ్గర ఆగిపోయేవాడు. విజ్ఞప్తులూ వినతిపత్రాలూ అని నవ్వే కుర్రాళ్ళతో, "అర్జీ రాయడం రాని వాడు అరవడం నేర్చుకుంటాడు" అనేవాడు. 1966 ఉక్కు ఉద్యమంలో విశాఖ వీధులు మండుతున్నప్పుడు ఈయన వయసు ముప్పై లోపే. ఉక్కు కావాలనే అన్నాడు, ఊరేగింపులో నడిచాడు, రాయి మాత్రం ఎత్తలేదు. కాల్పులు జరిగిన రోజు ఇంటికొచ్చి, అన్నం తినకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడని అమ్మ చెప్పేది.

అందుకే కాబోలు, అంత దూరాన ఉన్న గవర్నరు మీద ఆయనకి అంత మక్కువ. మెకాల్ మొదట పాత్రికేయుడు. 1954లో అమెరికా కాంగ్రెసుకి నిలబడి ఓడిపోయాడు. టీవీలో పనిచేస్తూ 1962లో ఒక గంట డాక్యుమెంటరీ తీశాడు. అందులో కథానాయిక విల్లమెట్ నది. కాయితం మిల్లుల మురికి, ఊళ్ళ మురుగు కలిసి చేపలు చచ్చిపోయే నది. స్వర్గంలో కాలుష్యం అని దాని పేరు. తరవాత రెండేళ్ళకి రాష్ట్ర కార్యదర్శిగా గెలిచాడు, 1966లో గవర్నరుగా. ఆ ఎన్నికలో ఎదురు నిలబడిన డెమొక్రాట్, బాబ్ స్ట్రాబ్ అనే ఆయన, నది పొడుగునా పచ్చదనం కాపాడాలని ఒక పథకం చెబితే, మెకాల్ అది బాగుందని బాహాటంగా ఒప్పుకున్నాడట. ఎదటివాడి మేనిఫెస్టో బాగుందని ఎన్నికల్లో చెప్పడం! ఇది వినగానే మా నాన్న, "అయితే ఆయనకి మన దగ్గర టికెట్టు రాదు" అన్నాడు.

గెలిచాక నది బాగుచేసే బోర్డు అధ్యక్షుడు చనిపోతే, ఆ కుర్చీలో ఇంకొకర్ని వెతక్కుండా కొన్నాళ్ళు తనే కూర్చున్నాడు. మిల్లులకి అనుమతులు బిగించారు, ఊళ్ళు మురుగుశుద్ధి కట్టుకోవలసి వచ్చింది. 1970లు వచ్చేసరికి ఆ నదిలో మళ్ళీ ఈతలు కొట్టారు, సాల్మన్ చేపలు ఎదురీదుతూ వచ్చాయి. ఆయన ఒక్కడే చేశాడని కాదు. ముందు నుంచీ కష్టపడినవాళ్ళు ఉన్నారు. కాని నది ముఖం ఇంటింటి టీవీలో చూపించినవాడు ఆయన.

ఒక తమాషా చెప్పాలి. ఆయన పూర్తి పేరులో లాసన్ ఉంది, తాతగారి పేరు. థామస్ లాసన్ మెకాల్. మావయ్యకి ఇది తెలిసిన రోజు సంబరం చూడాలి. "ఒరేయ్, మన లాసన్స్ బే ఈయనదేరా!" అని సాయంత్రం నన్ను సైకిలు ముందు కడ్డీ మీద ఎక్కించుకుని లాసన్స్ బే బీచి దాకా తొక్కాడు. ఆ లాసన్‌కీ ఈ లాసన్‌కీ ఏ సంబంధమూ లేదని ఆయనకీ తెలుసు. ముంత మసాలా కొనిపెట్టాడు, అది చాలు నాకు.

అన్నీ నచ్చాయని కాదు. 1971లో మెకాల్ ఒక టీవీ విలేకరితో, మా రాష్ట్రానికి మళ్ళీ మళ్ళీ రండి, చూడండి, దయచేసి ఉండిపోవడానికి మాత్రం రాకండి అన్నాడు. దేశమంతా గోలయింది. అత్తయ్య ఆ ముక్క విని, "సంక్రాంతికొచ్చిన అల్లుడికి చెప్పాల్సిన మాట" అంది. మావయ్య నవ్వాడు గాని నాకు పెద్దయ్యాక ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. వైజాగ్ అంటేనే వచ్చి ఉండిపోయినవాళ్ళు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఒడిశా నుంచి పోర్టుకీ షిప్‌యార్డుకీ రిఫైనరీకీ ఉక్కుకీ వచ్చినవాళ్ళు. మా తాతే పార్వతీపురం వైపు నుంచి ట్రంకుపెట్టెతో వచ్చాడు. ఎవడైనా అప్పుడు చూసి వెళ్ళిపో అనుంటే నేనెక్కడ? ఇప్పుడు మా వాడు ఆ ఒరెగాన్‌లోనే ఇల్లు కొన్నాడు. గవర్నరు గారు బతికుంటే మా వాణ్ణి చూసి ఏమనేవారో.

ఇంకొకటి, 1970 వేసవి. పోర్ట్‌లాండ్‌లో మాజీ సైనికుల మహాసభ, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ వస్తాడని కబురు. వియత్నాం యుద్ధం వద్దన్న కుర్రకారు వేలల్లో దిగుతామన్నారు. వీధుల్లో నెత్తురు కారుతుందని అందరూ హడలిపోతుంటే, ఈయన ఊరికి దూరంగా ఒక పార్కులో ప్రభుత్వం చేతే రాక్ సంగీతోత్సవం పెట్టించాడు. కుర్రాళ్ళంతా అటు పోయారు, ఊరు చల్లగా ఉంది. సర్కారు వారి జాతర అనేవాడు మావయ్య. నవంబరులో ఎన్నికలు పెట్టుకుని ఏ రాజకీయ నాయకుడూ చెయ్యని పని. ఆ ఎన్నికలో మళ్ళీ గెలిచాడు.

సీసాల చట్టం 1971లో. ఆ ఆలోచన కూడా ఆయనది కాదు, బీచీలో నడుస్తూ చెత్త ఏరే ఒక మామూలు సేల్స్‌మన్‌ది. 1969లో ఒకసారి ఓడిపోయింది. రెండేళ్ళ తరవాత మెకాల్ భుజం వేస్తే నెగ్గింది, అమెరికాలో అలాంటిది అదే మొదటిది. అంతకుముందు రోడ్ల పక్క చెత్తలో సుమారు 40 శాతం సీసాలూ డబ్బాలే అయితే, 1979 నాటికి 6 శాతానికి వచ్చిందట. మన దగ్గర 2022లో విశాఖలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధించారు. నిషేధం మంచిదే. కాని నీలగిరి కొండల మీద మద్యం సీసాకి పదిరూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీది తెస్తే తిరిగివ్వమని మద్రాసు హైకోర్టు చెప్పిన పద్ధతి నాకు ఇంకా నచ్చింది. పది రూపాయలంటే మనవాడు కొండ దిగి మరీ తెస్తాడు.

ఇక తాడు సంగతి.

1991 ఫిబ్రవరి 19న కేంద్ర ప్రభుత్వం తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఇచ్చింది. పోటు నీళ్ళు అత్యంత పైకి వచ్చే గీత నుంచి 500 మీటర్ల వరకు ఇష్టమొచ్చినట్టు కట్టకూడదని. ఊరు కాని చోట మొదటి 200 మీటర్లలో అసలే కూడదు. ఊళ్ళో అయితే అప్పటికే ఉన్న రోడ్డుకి సముద్రం వైపు కొత్తగా ఏమీ లేపకూడదు. మావయ్య ఎవరో లాయరు దగ్గర గెజిట్ జిరాక్సు సంపాదించాడు. పెళ్ళి శుభలేఖలా దానికి పసుపు రాయలేదు గాని, అంత మురిపెంగా పట్టుకుని తిరిగాడు. "చూశావురా, మనకీ ఒక గీత వచ్చింది" అన్నాడు నాతో.

అప్పటికి నాకు ముప్పై ఒకటి, బ్యాంకులో గుమస్తాని, యూనియన్‌లో నోరున్నవాణ్ణి.

భీమిలి వైపు పోయే దారిలో ఒక జాలరిపేట పక్కన అప్పుడు గోడ లేస్తోంది. రోడ్డుకి సముద్రం వైపే. ఆ గోడ పూర్తయితే పేటవాళ్ళు తెప్పలు దింపుకునే దారి మూసుకుపోతుంది. అరకిలోమీటరు చుట్టు తిరిగి రావాలి, తలమీద వల పెట్టుకుని. పేట పెద్దాయన ఒకరు మావయ్య దగ్గర తన మనవణ్ణి చదివించాడు. ఆయనే కబురు పెట్టాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. మావయ్య చేతిలో గెజిట్టు, నా చేతిలో కొబ్బరి తాడు. ఆ తాడు పేటలోదే. ముందురోజు రాత్రి మా వరండాలో స్కూలు స్కేలుతో కొలిచి, అయిదు మీటర్లకొక ముడి, ఇరవై అయిదుకొక ఎర్రగుడ్డ కట్టాడు మావయ్య. అత్తయ్య పాత చీర అంచు ఖర్చయింది.

ఒడ్డుకి వెళ్ళాక అసలు సమస్య తెలిసింది. కొలవడానికి తాడుంది, ఎక్కణ్ణుంచి కొలవాలి? పోటు గీత ఎక్కడ? ప్రభుత్వం మ్యాపులు ఇంకా తయారు కాలేదు. మావయ్య పెద్దాయన్ని అడిగాడు.

"ఏటి మేస్టారూ, అదీ అడగాలా?" అని ఆయన కాలి బొటనవేలితో చూపించాడు. "ఇదిగోండి, బాలబండి తీగ. ఉప్పునీరు నిలిచే కాడ ఇది బతకదండి. తీగ ఎక్కడ మొదలైతే అక్కడికి గంగమ్మ తల్లి వచ్చి ఎనక్కి పోతాది."

మావయ్య నా వైపు చూశాడు. మొక్కలు మొలిచే చోటు. పాతికేళ్ళ కిందటి ఏరోగ్రాములో ఉన్నది అదే మాట. ఆయన కళ్ళు నీళ్ళతో మెరిశాయి. ఎండ వల్ల అన్నాడు.

తీగ దగ్గర పెద్దాయన ఒక కొస పట్టుకున్నాడు. నేను రెండో కొస పట్టుకుని గోడ వైపు నడిచాను. ముప్పై అయిదు మీటర్లు. ఏడో ముడి దగ్గర ఇటుకలు తగిలాయి. పేట పిల్లలు పదిమంది ముడులు లెక్కపెడుతూ నా వెనక వచ్చారు, చివర్లో అందరూ కలిసి "ఏడూ" అని అరిచారు.

కాంట్రాక్టరు వచ్చాడు. కుర్చీలు తెప్పించాడు, కూల్ డ్రింకులు తెప్పించాడు. మర్యాదగానే మాట్లాడాడు. స్థలానికి కాయితాలున్నాయి, నోటిఫికేషన్ మొన్న మొన్న వచ్చింది, మ్యాపులే లేవు, మీరు తాడు పట్టుకొచ్చి కొలిస్తే అది సర్వే అవుతుందా మేస్టారూ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నేను లేచి, కోర్టులో చూసుకుందాం అన్నాను. మావయ్య నా మోచేయి పట్టి కూర్చోబెట్టాడు.

తరవాత రెండు గంటలు ఆయన మాట్లాడిన తీరు నేను ఎప్పటికీ మర్చిపోను. ఒక్కసారి కూడా గొంతు పెరగలేదు. ఒరెగాన్ కథ చెప్పాడు. ఆ మోటెల్ యజమాని గొడవ కోర్టుకెక్కడం, 1969లో అక్కడి సుప్రీంకోర్టు ఏమందో చెప్పాడు. కాయితం ఎవరిదైనా, ఎన్నో తరాలుగా జనం అడ్డూ ఆపూ లేకుండా వాడుకున్న ఇసక మీద వాడుకే హక్కు అంది ఆ కోర్టు. ఆనవాయితీ అన్నమాట. "ఈ పెద్దాయన తాత కూడా ఇక్కణ్ణుంచే తెప్ప దింపాడండీ. ఆయనకి పట్టా లేదు. పాదాలున్నాయి" అన్నాడు మావయ్య. కాంట్రాక్టరు చాలాసేపు పలకలేదు.

మధ్యాహ్నానికి ఒప్పందం కుదిరింది. గోడ ఉంటుంది. గోడకీ పక్క స్థలానికీ మధ్య తొమ్మిది అడుగుల దారి వదులుతారు, తెప్ప మోసుకుంటూ నలుగురు పక్కపక్కన నడిచేంత. తెల్లకాయితం మీద రాసుకుని, ఇటు ఇద్దరు అటు ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టారు. పెద్దాయన వేలిముద్ర వేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. దారిలో అడిగేశాను. చట్టం మన వైపు ఉంటే సగానికి ఎందుకు ఒప్పుకున్నావని. "కోర్టుకెళ్తే గెలుస్తాం రా. గెలిచేసరికి తెప్ప పుచ్చిపోతుంది" అన్నాడు. నేను ఆయన్ని మితవాది అన్నాను. కుర్రాళ్ళు సరదాగా అనే మాటని నేను తిట్టులా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నెల రోజులు వాళ్ళింటికి వెళ్ళలేదు నేను. అత్తయ్య కందిపొడి పంపిస్తే డబ్బా ఖాళీగా తిరిగి పంపించాను. మా ఇళ్ళల్లో ఖాళీ డబ్బా తిరిగి పంపడం అంటే ఏమిటో మీకు తెలుసు.

మళ్ళీ మాటలు కలిశాయి, అది వేరే సంగతి. కాని ఆ తొమ్మిది అడుగుల గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు. 2003లో ఆయన పోయాడు. దినకర్మలయ్యాక అత్తయ్య ఆ తాడు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "నువ్వే ఉంచుకో, నాకేం పని" అంది.

ఒరెగాన్ వెళ్ళినప్పుడు మా వాడు నన్ను కేనన్ బీచ్‌కి తీసుకెళ్ళాడు. జూన్ నెల, అయినా స్వెట్టర్ వేసుకోవాలి. నీళ్ళలో ఒక్కడూ లేడు. మన ఆర్.కే. బీచిలో ఆదివారం ఉండే మొక్కజొన్న పొత్తుల పొగ లేదు, గుర్రాలు లేవు, బజ్జీల వాసన లేదు. సముద్రంలో ఒక పెద్ద నల్లరాయి, గడ్డివాము ఆకారంలో. నిజం చెప్పాలంటే మన డాల్ఫిన్స్ నోస్ కొండ ముందు తీసికట్టే. కాని ఇసక! ఎంత దూరం నడిచినా ఎవరూ ఇది మాది అనలేదు. ఆ మోటెల్ ఇంకా ఉంది. దాని ముందు నుంచే నడిచాను, కావాలనే.

రాత్రి మా వాడి కంప్యూటర్లో కూర్చుని ఆ చట్టం గురించి చదివాను. చిన్నప్పుడు మావయ్య చెప్పినదాంట్లో, లేదా నాకు అర్థమైనదాంట్లో, ఒక ముక్క తప్పిపోయిందని అప్పుడు తెలిసింది. మెకాల్ ఆ పొడి ఇసకని జనం పేర రాయలేదు. భూమి యజమానిది యజమానిదే. కాయితం మారలేదు. జనానికి నడిచే హక్కు, కూర్చునే హక్కు మాత్రం ఎవరూ ఆపకూడదు, అడ్డంగా ఏదీ కట్టకూడదు. అంతే. 580 కిలోమీటర్ల తీరం పొడుగునా గవర్నరు గారు చేసింది కూడా దారి వదిలించడమే.

మా వాడు వచ్చి, ఏంటి నాన్నా పడుకోలేదా అన్నాడు. ఏం లేదురా, ఒక డబ్బా ఖాళీగా పంపించాను, అది గుర్తొచ్చింది అన్నాను. వాడికి అర్థం కాలేదు.

మెకాల్ మిగతా కథ కూడా ఆ రాత్రే చదివాను. 1973 జనవరి 8న శాసనసభలో నిలబడి, పొలాలు మింగేసే రియల్ ఎస్టేట్ మీద విరుచుకుపడ్డాడు. ఆ ఏడాదే, ఊరు ఎక్కడ ఆగాలో పొలం ఎక్కడ మొదలవ్వాలో ప్రతి ఊరూ ప్లాను వేసుకోవాలని చట్టం వచ్చింది. మధురవాడ జీడితోటలు చూసినవాడిని, వాటి మీద లేచిన అపార్టుమెంట్లకి పదమూడేళ్ళు లోన్లు మంజూరు చేసినవాడిని, ఆ చట్టం గురించి చదువుతుంటే నాకు కాస్త సిగ్గేసింది. 1978లో మళ్ళీ గవర్నరుగా పోటీ చేద్దామంటే సొంత పార్టీ వాళ్ళే పార్టీ టికెట్టు కోసం జరిగే ఎన్నికలో ఓడించారు. 1982లో ఆ భూముల చట్టాన్ని రద్దు చెయ్యాలని ప్రజాఓటింగు పెట్టారు. అప్పటికి ఆయనకి క్యాన్సర్ ముదిరిపోయింది. ఆ ఒంటితోనే తిరిగి ప్రచారం చేశాడు. నవంబరులో చట్టం నిలబడింది. 1983 జనవరి 8న ఆయన పోయాడు, ఆ ప్రసంగం చేసిన పదేళ్ళకి సరిగ్గా అదే రోజున. పోర్ట్‌లాండ్‌లో నది ఒడ్డున హైవే తీసేసి వేసిన పార్కుకి తరవాత ఆయన పేరు పెట్టారు.

మావయ్య పేరు ఎక్కడా పెట్టలేదు. పెట్టాల్సినంత ఆయనేం చెయ్యలేదు కూడా.

వైజాగ్ తిరిగొచ్చాక ఒక పొద్దున్న తాడు సంచీలో వేసుకుని ఆ జాలరిపేటకి వెళ్ళాను. హుద్‌హుద్ గాలికి ఆ గోడ సగం పడిపోయింది, పడ్డ సగం మళ్ళీ కట్టారు. దారి ఉంది. తెప్పలు తక్కువ, ఫైబర్ పడవలు ఎక్కువ. ఒక పక్కన మూడు స్కూటర్లు, ఒక ఐస్ పెట్టె. కొలిచాను. మొదటి ముడి కూడా రాని దూరానికి తాడు ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలియదు. చేత్తో జానలేసి చూసుకుంటే స్కూటర్లు పోగా ఆరడుగులు మిగిలింది.

ఎండుచేపలు తిరగేస్తున్న ఒకావిడ చూస్తోంది. "ఏటి బాబూ కొలుస్తన్నారు? సర్వేకొచ్చేరా?"

కాదమ్మా, ఊరికే అన్నాను. ఈ దారికి పేరేమైనా ఉందా అని అడిగాను.

"మేస్టారి సందండి. ఎనకటికి ఎవరో టూషన్ మేస్టారు ఉండేవోరంట ఈ పక్కన."

నేను సరిదిద్దలేదు. టూషన్ మేస్టారంటే తప్పేం కాదు.

ఆవిడ చూపు తాడు మీద ఉంది. "గట్టి తాడులా ఉందే. మీకేం పని లేకపోతే ఇచ్చీండి బాబూ, చేపలు ఆరేసుకోడానికి కట్టుకుంటాం."

కాసేపు ఆలోచించాను. పాత కొబ్బరి తాడు, ఎర్రగుడ్డలు వెలిసి గులాబీ రంగుకి వచ్చాయి. ఇచ్చేశాను. ముడులు మాత్రం విప్పొద్దన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు.